హార్బరులో హ్యారీ పోటర్

నేనొక పుస్తకాన్ని. అట్ట మీద ‘హ్యారీ పోటర్ - పరుసవేది’ అని ఉంటుంది. ఇంగ్లండులో జె.కె. రౌలింగ్ రాసిన మాయల బడి కథ తెలుగులోకి వస్తే, అందులో ఒక ప్రతిని నేను. ప్రస్తుతం ఉంటున్నది విశాఖపట్నం ఫిషింగ్ హార్బరులో, వలలు బాగుచేసుకునే షెడ్డు పక్కింట్లో, ఎనిమిదో తరగతి చదివే ఒక పిల్ల స్కూలు సంచిలో. ఒంటి నిండా డీజిలు మరకలు, ఎండుచేపల వాసన. వెన్నుకి వల అల్లే నైలాన్ దారంతో కుట్లు. పుస్తకాల షాపు బీరువాలో కూర్చున్న నా తోబుట్టువులకి ఈ నగలేవీ లేవు.

ముందు నా వంశం గురించి చెప్పాలి. 1990లో మాంచెస్టర్ నుంచి లండన్ వెళ్తున్న రైలు ఆలస్యమైతే, అందులో కూర్చున్న రౌలింగ్‌కి నా కథ తట్టింది. రాత పూర్తయ్యాక పన్నెండు మంది ప్రచురణకర్తలు వద్దన్నారు. బ్లూమ్స్‌బరీ సంస్థ అధిపతి తన ఎనిమిదేళ్ళ కూతురికి మొదటి అధ్యాయం చదవమని ఇచ్చాడు. ఆ పిల్ల అది చదివేసి మిగతాది ఏదని పట్టుబట్టింది. అలా 1997 జూన్ 26న నా మూలప్రతి వెలువడింది. గట్టి అట్టతో వేసినవి మొదట 500 ప్రతులే. అందులో 300 దాకా లైబ్రరీలకే వెళ్ళాయి. ఆ తర్వాత ఏడు భాగాలూ కలిపి 80కి పైగా భాషల్లోకి వెళ్ళాయి, 60 కోట్లకు పైగా ప్రతులు అమ్ముడుపోయాయి. అయితే నేను గర్వంగా చెప్పుకునేది ఆ 60 కోట్ల లెక్క కాదు. ఒక చిన్నపిల్ల మాట మీద అచ్చయ్యాను, మొదట లైబ్రరీలకి వెళ్ళాను. నా గొప్పంతా ఆ రెండింటిలోనే ఉంది.

నా సొంత బతుకు మాత్రం గొప్పగా మొదలవలేదు. ఊళ్ళో ఒక అపార్టుమెంటులో పిల్లాడి పుట్టినరోజుకి నన్ను కానుకగా ఇచ్చారు. వాడు ఇంగ్లీషు మీడియం. నా అక్షరాలు చూడగానే మొహం ముడుచుకున్నాడు. చాలాకాలం అలమరాలో పడుకుని, చివరికి పాత పేపర్ల వాడి తక్కెడెక్కాను. అక్కణ్ణుంచి చేతులు మారి హార్బరు గేటు దగ్గర టీ బడ్డీకి చేరాను. బడ్డీవాడు నన్ను చివరి నుంచి చింపడం మొదలుపెట్టాడు. పదిహేడో అధ్యాయం మొత్తం మిరపకాయ బజ్జీలు చుట్టడానికి పోయింది. నా కథలో పదిహేడే అధ్యాయాలు. అంటే ముగింపే పోయింది.

పదహారో అధ్యాయం మీదికి చెయ్యి వెళ్తుండగా తాతకి టీ కోసం వచ్చిన ఈ పిల్ల నన్ను చూసింది. “అంకుల్, ఈ బుక్కు నాకిచ్చీరా?” అంది. “ఏటిచేసుకుంటావే? సగం సిరిగిపోనాది” అన్నాడు. బదులుగా నాలుగు పాత న్యూస్‌పేపర్లు తెచ్చిస్తానని బేరమాడి నన్ను ఎత్తుకుపోయింది.

అది 2023 వేసవి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరంలో మరబోట్లు వేటకి వెళ్ళకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలమని నిషేధం. బడులకీ సెలవులే. బోట్లన్నీ జెట్టీలకి కట్టేసి ఉంటాయి. కొన్నిటిని ఒడ్డుకి లాగి చెక్క మార్చి రంగులేస్తారు. కళాసీలు షెడ్డుల్లో వలలు ముందేసుకుని కూర్చుంటారు. చేతులకి పని ఉంటుంది గానీ చెవులకి ఉండదు. పిల్ల తాత ఒకప్పుడు సరంగు, బోటు నడిపినవాడు. “ఒలే గుంటా, మూల కూకుని నీలో నువ్వు సదూకుంతావేటి? మాక్కూడా వినబడీలా సదువు” అన్నాడు. ఆ రోజు నుంచి షెడ్డులో నేను రోజూ గొంతు విప్పాను.

నా కథానాయకుడు తల్లీతండ్రీ లేని పిల్లాడు. పెద్దమ్మ ఇంట్లో మెట్ల కింద అరలో పడుకుంటాడు. పదకొండో ఏడు వస్తుండగా హాగ్వార్ట్స్ అనే మాయల బడి నుంచి ఉత్తరం వస్తుంది. పెదనాన్న ఆ ఉత్తరాన్ని కాల్చేస్తాడు. అయినా ఉత్తరాలు ఆగవు. చివరికి అందరినీ సముద్రంలో ఒక రాతి మీది గుడిసెకి లాక్కుపోతాడు. అర్ధరాత్రి తుపానులో హాగ్రిడ్ అనే భారీ మనిషి తలుపు బద్దలుకొట్టి లోపలికొచ్చి, ఆ ఉత్తరం పిల్లాడి చేతిలోనే పెడతాడు. తెల్లారాక పిల్లాణ్ణి తీసుకుని, అక్కడున్న ఒక్క పడవలో ఒడ్డుకి వచ్చేస్తాడు.

అక్కడ సరంగు తాత చదువు ఆపించాడు. “ఉన్న పడవ ఈళ్ళట్టుకొచ్చీసినారు కదా, మరి రాయి మీదున్నోళ్ళు ఒడ్డుకెలా వొచ్చినారు?” షెడ్డంతా నవ్వింది. నవ్వినా ప్రశ్న ప్రశ్నే. నన్ను అన్ని దేశాల వాళ్ళు చదివారు, దానికి నాలో మాత్రం జవాబు లేదు. సముద్రం తెలిసినవాడు ముందు పడవని లెక్కపెడతాడు.

తాతకి మంత్రగాళ్ళు కొత్తేమీ కాదు. చిన్నప్పుడు ‘చందమామ’లో దాసరి సుబ్రహ్మణ్యం సీరియళ్ళు చదివించుకుని విన్నవాడు. 1954లో ‘తోకచుక్క’తో మొదలై ఏళ్ళతరబడి సాగిన ఆ కథల్లో మాంత్రికుడు కొండగుహలో ఒంటరిగా ఉంటాడు. విద్య రహస్యం, నేర్పితే ఒక్క శిష్యుడికి నేర్పుతాడు, ఆ శిష్యుడి మీదా అనుమానమే. నా కథలో మాయకి టైంటేబులు ఉంది, హోమ్‌వర్కు ఉంది, పరీక్షలున్నాయి, తప్పు చేస్తే మార్కులు కోస్తారు, రాత్రి హాస్టల్ భోజనం ఉంది. “మంత్రానికి కూడా ఇస్కూలేటి!” అని తాత ఆశ్చర్యపోయాడు. నా గొప్పతనం ఏమిటో నాకు అప్పుడే తెలిసింది. విద్యని గుహలోంచి బయటికి తెచ్చి బెంచీల మీద కూర్చోబెట్టాను. చీపురు మీద ఎగరడం కూడా సాధన చేస్తే వచ్చే పాఠమే అన్నాను.

ఆ మాట పట్టుకుని ఒక కళాసీ, “మనకీ ఉంది కదేటి అలాటి ఇస్కూలు” అన్నాడు. సిఫ్‌నెట్ సంగతి అది. కేంద్ర ప్రభుత్వం 1963లో కొచ్చిలో పెట్టిన మత్స్య, నౌకా శిక్షణ సంస్థ. విశాఖ శాఖ 1981లో వచ్చింది. పదో తరగతి పాసైనవాళ్ళకి ఓడ నడపడం, ఇంజను బాగుచేయడం రెండేళ్ళు నేర్పుతారు. తాత తరం మాత్రం బోటు మీద వంటకుర్రాడిగా ఎక్కి, వల లాగి, చుక్కాని పట్టి, సరంగు అయినవాళ్ళు. వాళ్ళకి ఏ బడీ ఉత్తరం రాయలేదు.

పదహారో అధ్యాయం అయిపోయేసరికి నిషేధం ఇంకా మిగిలే ఉంది, నేను మాత్రం మిగల్లేదు. ఇనుముని బంగారం చేసే రాయి పరుసవేదిని కాజేయడానికి బడి నేలమాళిగలోకి దిగింది ఎవరు? షెడ్డంతా స్నేప్ మాస్టారి మీదే నేరం మోపింది. ఎండుచేపలు అమ్మే ముసలమ్మ ఒక్కర్తే ఒప్పుకోలేదు. “తలపాగా మాస్టారున్నాడే, నత్తినత్తిగా మాటాడతాడు, ఆడే. సేపల పాటకాడ నాను రోజూ సూత్తన్నాను. ఏటీ తెలీనట్టు నిలబడ్డోడే ఆకరికి గంప తన్నుకుపోతాడు.”

జూన్‌లో బడి తెరిచాక పిల్ల నన్ను తెలుగు టీచరమ్మకి చూపించింది. ఆవిడ దగ్గర నా ఇంగ్లీషు తోబుట్టువు ఉంది. భోజనాల బెల్లు కొట్టాక కొంచెం కొంచెంగా చివరి అధ్యాయాన్ని తెలుగులో చెప్పింది. పిల్ల దాన్ని నోట్సు కాగితాల మీద రాసుకుంది. తాత ఆ కాగితాల్ని నా వెన్నుకి పెట్టి, వల అల్లే సూదితో కుట్టేశాడు. దొంగ ఆ తలపాగా క్విరెల్ మాస్టారే. ఆ సాయంత్రం ముసలమ్మ పట్టపగ్గాల్లేకుండా తిరిగింది.

ఆ ఏడాది నవంబరు 19 రాత్రి హార్బరు అంటుకుంది. తెల్లవారేసరికి నలభై దాకా బోట్లు కాలిపోయాయి. నష్టంలో 80 శాతం ఇస్తామని ప్రభుత్వం చెప్పింది. నన్ను విన్నవాళ్ళలో కొందరి బోట్లూ ఆ మంటల్లో పోయాయి. కొన్నాళ్ళకి ఒకాయన షెడ్డులోకి వచ్చి, “ఆ అద్దం ముక్క మళ్ళీ ఓసారి సదువమ్మా” అన్నాడు. పన్నెండో అధ్యాయంలో ఒక అద్దం ఉంటుంది. ఎదుట నిలబడ్డవాడి మనసులో కోరిక అందులో కనబడుతుంది. హ్యారీకి చచ్చిపోయిన అమ్మానాన్నలు కనబడతారు. ఆ అద్దం ముందే కూర్చుని బతుకు పాడుచేసుకున్నవాళ్ళున్నారని హెడ్మాస్టరు డంబుల్‌డోర్ హెచ్చరిస్తాడు. చదవమని అడిగినాయన మొత్తం విని, “నాకైతే బోటు కనబడతాది” అని లేచి వెళ్ళిపోయాడు. మర్నాడు పక్క బోటులో కూలికి ఎక్కాడు. మంత్రాల పుస్తకాన్ని కదా అని ఇనుముని బంగారం చేయలేను. అంతవరకే నా శక్తి. నా కథలో కూడా చివరికి ఆ రాయిని నాశనం చేసేస్తారు.

ఇప్పుడు మీతో ఒక్క మాట. నా కథలో ఉత్తరం పిల్లాణ్ణి వెతుక్కుంటూ సముద్రం మధ్య రాతి దాకా వెళ్ళింది. పుస్తకాలకి ఆ విద్య లేదు. ఎవరైనా చేత్తో పట్టుకెళ్ళి ఇస్తేనే మేం పిల్లల్ని చేరతాం. మీ అలమరాలో పిల్లలు చదివేసిన పుస్తకాలు, మొహం ముడుచుకుని పక్కన పెట్టిన పుస్తకాలు ఉంటాయి. వాటిని తూకానికి వేయకండి. దగ్గర్లో ఉన్న ప్రభుత్వ బడికో, పేట లైబ్రరీకో ఇవ్వండి. పేజీలు చిరిగాయని మొహమాటపడొద్దు, కుట్టుకునే చేతులు మా దగ్గరున్నాయి.