సద్వినియోగం చేసుకోగలరు

జాబ్ మేళా వార్త ఏది తీసుకున్నా చివరి ముక్క ఒకటే: అర్హులైన యువతీ యువకులు ఈ అవకాశాన్ని సద్వినియోగం చేసుకోవాలి. తేదీ మారుతుంది, కాలేజీ మారుతుంది, ప్రకటన ఇచ్చిన అధికారి బదిలీ అవుతాడు, ఆ ముక్క మాత్రం చెక్కుచెదరదు. మేళా పెట్టినవాళ్లు ఏం చెయ్యాలో అందులో ఉండదు. కంపెనీలు ఏం చెయ్యాలో ఉండదు. భారమంతా పొద్దున్నే మోపిదేవి సెంటర్లో బందరు బస్సు కోసం నిలబడ్డ కుర్రాడిదే.

అర్హులెవరో కూడా విడమరిచి రాస్తారు. పదో తరగతి, ఇంటర్, ఐటీఐ, డిప్లొమా, డిగ్రీ, బీటెక్, ఎంబీఏ; వయసు 18 నుంచి 35. ఈ లెక్కన దివిసీమలో అర్హత లేనిది రిటైరైన తాసీల్దారొక్కడికే.

మేళాకు ముందు కాలేజీలో శిక్షణ ఉంటుంది. ఏసీ లేని హాల్లో బ్లేజరు వేసుకొచ్చిన పెద్దమనిషి చెమటలు కక్కుతూ కాన్ఫిడెన్స్ గురించి చెబుతాడు. చొక్కా టక్ చెయ్యండి. షేక్‌హ్యాండ్ గట్టిగా ఇవ్వండి. కళ్లలోకి చూసి మాట్లాడండి. వచ్చే కంపెనీల గురించి ముందే చదువుకోండి. ఆ కంపెనీల జాబితా ముందురోజు రాత్రి వాట్సాప్‌లో వస్తుందనుకోండి, అది వేరే సంగతి. అందులో సగం కన్సల్టెన్సీలు, అంటే ఉద్యోగం ఉన్నచోటు తెలిసినవాళ్లే తప్ప ఉద్యోగం ఉన్నవాళ్లు కారు. ఆయన చెప్పే సూత్రాల్లో మకుటాయమానమైనది ఇంకోటుంది: జీతం సంగతి మొదట అడగొద్దు, ఇంప్రెషన్ పోతుంది.

ఇక సెల్ఫ్ ఇంట్రడక్షన్. నాగాయలంక దిక్కున రొయ్యల చెరువు కౌలుకు చేసే ఇంటి కుర్రాడొకడు ఉంటాడు. మేత ఎంత తింటున్నాయో చెక్ ట్రే చూసి చెబుతాడు. అర్ధరాత్రి కరెంటు పోతే ఏరియేటర్లు ఆగకుండా జనరేటర్ మీదికి మారుస్తాడు. పట్టుబడి నాడు కౌంటు దగ్గర పేచీ పెట్టే కొనుగోలుదారుతో గట్టు మీదే గంటసేపు వాదించి కేజీకి పది రూపాయలు పైకి లాగుతాడు. అలాంటివాడు స్టాలు ముందు నిలబడి, "మై స్ట్రెంత్ ఈజ్ హార్డ్ వర్క్, మై వీక్‌నెస్ ఈజ్ ఐ ట్రస్ట్ పీపుల్ ఈజీలీ" అని అప్పజెబుతాడు. రొయ్యల వ్యాపారంలో అంత తేలిగ్గా మనుషుల్ని నమ్మితే వాళ్ల నాన్న ఈపాటికి ఊరొదిలేవాడు. అయినా హెచ్ఆర్ అమ్మాయి తల ఎత్తకుండానే కాగితం మీద రాసేస్తుంది: కమ్యూనికేషన్ వీక్.

ఇంగ్లీషొస్తేనే కొలువన్నది బందరుకు కొత్తేం కాదు. 1611లో ఈస్టిండియా కంపెనీ ఇక్కడ కొట్టు తెరిచింది. అప్పట్నించీ దుబాసీకి దక్కిన గౌరవం కలంకారీ అద్దేవాడికి దక్కలేదు. ఆ ఇంగ్లీషు చదువుల మీద విసుగెత్తే, 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య ఇదే ఊళ్లో ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టి చదువుతో పాటు చేతిపని నేర్పించారు. పట్టాభి అంతటితో ఆగలేదు, 1923లో ఆంధ్రా బ్యాంకు పెట్టారు. కొలువు వెతుక్కోమని కుర్రాళ్లకు ఉపన్యాసమివ్వడం కన్నా కొలువులిచ్చే సంస్థ పెట్టడం మేలనుకున్నట్టుంది, పాతకాలం మనిషి. ఆ బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. ఇప్పుడు మేళాకొచ్చేది ఏదో ఒక బ్యాంకు పేరు చెప్పి ఇంటింటికీ క్రెడిట్ కార్డులు అమ్మించే ఏజెన్సీ. 2008లో బందరుకు సొంతంగా కృష్ణా విశ్వవిద్యాలయం వచ్చింది కాబట్టి, పట్టా కోసం నాగార్జున దాకా పోనక్కర్లేదు. ఉద్యోగం కోసమే ఇంకా శ్రీసిటీ పోవాలి.

పోతే ఎంతొస్తుంది? ఫ్లెక్సీ మీద 17 వేల పైచిలుకు ఉంటుంది. అసలు జీతం 15 వేలు, అదంతా బేసిక్కే అనుకుందాం. యజమాని కట్టాల్సిన పీఎఫ్ 12 శాతం, ఈఎస్ఐ 3.25 శాతం కూడా కలిపేసి దానికి సీటీసీ అని పేరు పెడతారు. తర్వాత కుర్రాడి వాటా పీఎఫ్ 1,800, ఈఎస్ఐ 112 చిల్లర కోస్తే చేతికొచ్చేది 13 వేలు. పీఎఫ్ మంచిదే, ఎవరు కాదన్నారు? అది వాడి సొమ్మే. కానీ హాస్టల్ ఓనరు పీఎఫ్ పాసుబుక్కు చూసి అన్నం పెట్టడు కదా. "సార్, చేతికెంతొస్తుందండీ?" అని అడిగితే, "అది జాయినింగ్ అప్పుడు చెబుతారు బాబూ, నెక్స్ట్" అంటారు. ఇంప్రెషన్ పోయింది.

మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడి పానవట్టం దగ్గర కన్నంలో పాలు పోస్తారు. అవి ఎటు వెళ్లాయని ఎవరూ ఆరా తీయరు, అది మొక్కు. స్టాలు పక్కన అట్టపెట్టెలో రెజ్యూమే వేసేవాడి దగ్గరా అంతే భక్తి ఆశిస్తున్నారు. స్వామివారు మాత్రం ఇంతవరకూ ఎవరికీ "వీ విల్ గెట్ బ్యాక్ టు యూ" అని చెప్పలేదు.

మరి సద్వినియోగం చేసుకున్నవాళ్లే లేరా అంటే, ఎందుకు లేరు? 2022 వేసవిలో అప్పటి అధికార పార్టీ తిరుపతిలో శ్రీవేంకటేశ్వర, విశాఖలో ఆంధ్ర, గుంటూరు దగ్గర నాగార్జున విశ్వవిద్యాలయాల్లో మెగా జాబ్ మేళాలు పెట్టింది. తర్వాత ప్రభుత్వం మారింది, ఫ్లెక్సీల మీద ఫొటోలు మారాయి, మేళాలు నియోజకవర్గాలకు దిగాయి. ఏ మేళా అయినా సాయంత్రానికల్లా "ఇంతమంది ఎంపిక" అని అంకె వచ్చేస్తుంది. నియామక పత్రం పట్టుకున్న అమ్మాయి, ఆ పత్రాన్ని తనూ ఓ అంచు పట్టుకున్న నాయకుడు, వెనక పదిమంది. నాయకుడికి ఫొటో వచ్చింది, ఏజెన్సీకి వందల ఫోన్ నంబర్లు వచ్చాయి, కాలేజీకి నాక్ గుర్తింపు ఫైల్లో పెట్టుకోను ఒక ప్లేస్‌మెంట్ పేజీ వచ్చింది.

దివిసీమ తల్లిదండ్రులు మాత్రం ఈ లెక్క ఎప్పుడో తేల్చేశారు. అవనిగడ్డలో డీఎస్సీ కోచింగ్ కోసం ఎక్కడెక్కడి జిల్లాల వాళ్లో వచ్చి హాస్టళ్లలో పడి చదువుతారు. 2025 మెగా డీఎస్సీలో ఉన్నవి రాష్ట్రమంతటికీ 16,347 పోస్టులు. అందరికీ రావని తెలిసీ చదివారు. దానికి సిలబస్ ఉంది, మార్కులున్నాయి, ర్యాంకు ఉంది, జీతమెంతో ముందే తెలుసు. అది అడిగినందుకు ఎవరి ఇంప్రెషనూ పోదు. "మేళాకెళ్లి టై కట్టుకునే బదులు ఇంకో బిట్ పేపరు చెయ్యరా నాన్నా" అనే తల్లికి సాఫ్ట్ స్కిల్స్ లేవని ఎలా అంటాం?

మేళాలు వద్దనడం లేదు. వెళ్లండి, టక్ కూడా చేసుకోండి. కాకపోతే "ఎనీ క్వశ్చన్స్?" అన్నప్పుడు కంపెనీ విజన్ గురించి అడక్కండి. జీతం వేసేదెవరు, మీరా, కన్సల్టెన్సీయా? బాండు ఉందా? ట్రైనింగ్ ఫీజని తర్వాత అడుగుతారా? పోయినేడు ఇక్కణ్నుంచి తీసుకున్నవాళ్లలో ఒకరి ఫోన్ నంబరిస్తారా? వెనకాల లైను గొణిగితే గొణగనివ్వండి.

మేళా పెట్టేవాళ్లు కూడా ఓ చిన్న పని చెయ్యొచ్చు. ఆర్నెల్లు పోయాక, ఎంపికైనవాళ్లలో చేరిందెవరు, ఇంకా ఉన్నదెవరు, చేతికెంతొస్తోంది అని వాకబు చేసి, పేర్లు లేకుండా లెక్క మాత్రం అదే కాలేజీ నోటీసు బోర్డు మీద అంటించొచ్చు. దీనికి ఫ్లెక్సీ అక్కర్లేదు, ఒక తెల్ల కాగితం చాలు. పక్కన ఎవరి ఫొటో వేసుకుంటామన్నా మాకు అభ్యంతరం లేదు.