ఉచితమైతే ఎవర్ని తిట్టాలి?

ప్రభుత్వాసుపత్రి సాఫ్ట్‌వేర్‌కు ముందుగా ఉండాల్సిన గుణం ఏమిటనుకుంటున్నారు? పనిచేయడమా? కాదు. చెడిపోయినప్పుడు నోటీసు పంపడానికో చిరునామా ఉండటం. ఓపెన్ సోర్స్ బోర్లా పడేది ఇక్కడే. కోడ్ అందరిదీ అంటారు. అందరికీ నోటీసులు పంపితే తపాలా ఖర్చు ఏ పద్దులో రాయాలి?

మహారాష్ట్ర ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రుల్లో ఏళ్ల తరబడి నడిచిన కంప్యూటర్ వ్యవస్థ 2022 జూలైలో ఆగిపోయింది. దాన్ని నడిపిన కంపెనీకీ సర్కారుకూ బిల్లుల దగ్గర చెడింది. కౌంటర్లలో మళ్లీ పెన్నులు బయటికొచ్చాయి. రోగులు చేతిరాత కేస్ పేపర్లు పట్టుకుని తిరిగారు. ఇంత జరిగినా ఆఫీసుల్లో అదో నిశ్చింత: తగువు ఎవరితోనో కాగితం మీద స్పష్టంగా ఉంది కదా!

ప్రభుత్వ శాఖలు ఓపెన్ సోర్స్‌కే పెద్దపీట వేయాలని కేంద్రం 2015లోనే విధానం ప్రకటించింది. ఉదాహరణ కోసం అమెరికా పోనక్కర్లేదు. పొరుగునున్న ఛత్తీస్‌గఢ్‌లో, బిలాస్‌పూర్ దగ్గరి గనియారిలో, జన్ స్వాస్థ్య సహయోగ్ ఆసుపత్రి కోసం థాట్‌వర్క్స్ కంపెనీ ఇంజనీర్లు బహ్మ్ని అనే ఓపెన్ సోర్స్ ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ తయారుచేశారు. అందులో మూడు ప్రోగ్రాములు: రోగి రికార్డుకు ఓపెన్‌ఎమ్మారెస్, ల్యాబుకు ఓపెన్‌ఎలిస్, బిల్లులకూ మందుల స్టాకుకూ ఓడూ. ఒకదాని వెర్షన్ మారితే మిగతా రెండూ అలుగుతాయి. బుజ్జగించడానికి మనిషి కావాలి, నెలనెలా జీతమూ కావాలి. ఈ మాట మన కొనుగోలు కమిటీ చెవిన వేసి చూడండి. ‘ఫ్రీ అన్నారు కదండీ, మళ్లీ జీతమేమిటి?’ అంటారు.

తెలుగువాళ్లకు ఇదేం కొత్త కాదు. 2000 ప్రాంతంలో కుప్పంలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల లెక్కల కోసం డీహెచ్ఐఎస్ అనే సాఫ్ట్‌వేర్ తెచ్చారు. అదీ ఓపెన్ సోర్సే. కాకపోతే నడవాలంటే మైక్రోసాఫ్ట్ యాక్సెస్ ఉండాలి. దర్శనం ఉచితం, చెప్పుల స్టాండుకు టిక్కెట్టు.

సరే, మహారాష్ట్రలోని మా చంద్రపూర్ ఆసుపత్రిలో అన్నీ అమరి తెర వెలిగిందే అనుకుందాం. బల్లార్షా నుంచి వచ్చిన తెలుగు కార్మికుడు ఇంటిపేరు ముందు చెబుతాడు. తెర మీద ఇంటిపేరు గడి చివర్న ఉంది. మరాఠీ ఆపరేటరేమో మధ్యలో తండ్రి పేరు చెప్పమంటాడు. అలా మూడుసార్లు వస్తే ఒకే మనిషి ముగ్గురు రోగులవుతాడు. ఒకరికి షుగరు, ఒకరికి బీపీ, మూడో ఆయన నిక్షేపంలా ఉన్నాడు. డాక్టరుగారికి తెర మీద కనిపించేది ఎప్పుడూ ఆ మూడో ఆయనే.

పేరుతో తిప్పలు అలా ఉంటే, ఊరితో ఇంకో తిప్ప. మా జిల్లా జివతి తాలూకా సరిహద్దులో 14 ఊళ్లున్నాయి. మావంటే మావని మహారాష్ట్ర, తెలంగాణ పట్టుబడుతున్నాయి. జనం దగ్గర రెండు రాష్ట్రాల ఓటరు కార్డులూ ఉన్నాయి. ఫారంలో ‘రాష్ట్రం’ దగ్గర మాత్రం ఒక్కటే నొక్కాలి. కోడ్ మన చేతిలోనే ఉంది, ఇంకో గడి చేర్చడం పూటలో పని. కానీ ‘సరిహద్దు తేలాక చూద్దాం’ అని ఫైలు మీద రాయడం ఇంకా తొందరగా అయ్యే పని.

అందుకే నాదో ప్రతిపాదన. ఈ ఉచిత సాఫ్ట్‌వేర్‌కు ఓ రెండు కోట్లు ధర పెడదాం. అంత ఖరీదంటే కమిటీకి గౌరవం కలుగుతుంది, సంతకాలు చకచకా పడతాయి. ఆ డబ్బుతో బల్లార్షా కుర్రాళ్లు నలుగురికి అయిదేళ్లు జీతాలిచ్చి సర్వర్ గదిలో కూర్చోబెడదాం. ఆ గదికి ఓ ఏసీ కూడా కొందాం. ఎండాకాలం ఇక్కడ 45 డిగ్రీలు దాటుతుంది, ఓపెన్ సోర్స్ అయినంత మాత్రాన సర్వర్‌కు చెమట పట్టకుండా పోదు. ఆడిట్‌వాళ్లు వస్తే లైసెన్సు పత్రం చూపిస్తాం. పత్రం అసలైనదే, షరతులన్నీ పక్కాగా ఉంటాయి. ‘ఎలాంటి రుసుమూ లేదు’ అన్న లైను మీద మాత్రం ఎవరైనా బొటనవేలు అడ్డం పెట్టి పట్టుకోవాలి.