గీజరు సంసారం, లేతు నేరం

కరెంటు సంగతి ఉత్తర తెలంగాణవాళ్లకు కొత్తగా చెప్పేదేముంది? రామగుండంలో ఎన్టీపీసీ పాత స్టేషన్ 2,600 మెగావాట్లు. దాని పక్కనే లేచిన కొత్త స్టేషన్ 1,600. గోదావరి దాటితే మంచిర్యాల జిల్లా జైపూర్‌లో సింగరేణివారిది 1,200. కూడితే 5,400 మెగావాట్లు. బొగ్గు ఇక్కడిదే, నీళ్లు ఇక్కడివే. పుట్టిన కరెంటులో వాటాకు పక్క రాష్ట్రాలు వరస కడతాయి. బూడిదలో వాటా మాత్రం ఇంతవరకు ఎవరూ అడగలేదు.

ఆ 5,400 మెగావాట్లతో 3 హెచ్‌పీ లేతు మిషన్లు 24 లక్షలు ఒకేసారి తిప్పొచ్చని లెక్క తేలుతుంది. మనకు అన్ని అక్కర్లేదు, ఒక్కటి తిరిగితే చాలు. కరీంనగర్‌లో ఓ సందులోనో, నిర్మల్ శివారులోనో, గోదావరిఖనిలో గని నుంచి రిటైరై వచ్చిన ఓ ఫిట్టరు ఇంటి వసారాలోనో ఉన్న ఒక్క పాత బటాలా లేతు. అది తిరగడం లేదు.

మిషన్ మంచిదే. బెడ్డు అరగలేదు, చక్ పట్టు తప్పలేదు. దాని మోటరు మూడు ఫేజులది, ఇంటికొచ్చేది ఒక్క ఫేజు. మూడు ఫేజులుంటే మోటరు లోపలి అయస్కాంత బలం తనంతట తానే గుండ్రంగా తిరుగుతుంది, రోటరును వెంట లాక్కుపోతుంది. ఒక్క ఫేజు ఇస్తే ఆ బలం ముందుకీ వెనక్కీ ఊగుతుందే తప్ప తిరగదు. మోటరు ‘గుంయ్’ మని మూలుగుతుంది, వేడెక్కుతుంది, కాసేపటికి వార్నిష్ కమురు వాసనతో తన అభిప్రాయం చెబుతుంది. 1891లోనే జర్మనీలో లౌఫెన్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు 175 కిలోమీటర్ల దూరం త్రీ ఫేజ్ కరెంటు పంపి చూపించారు. మన మిస్త్రి ఇంటికీ ట్రాన్స్‌ఫార్మర్‌కూ మధ్య ఉన్నవి నాలుగు స్తంభాలు. లౌఫెన్‌వాళ్లు అదృష్టవంతులు, దారిలో కేటగిరీలు అడ్డం రాలేదు.

కేటగిరీలంటే తెలియనివారి కోసం చెప్తాను. మన రాష్ట్రంలో కరెంటుకు వర్ణవ్యవస్థ ఉంది. ఎల్‌టీ-1 ఇల్లు, ఎల్‌టీ-2 వ్యాపారం, ఎల్‌టీ-3 పరిశ్రమ, ఎల్‌టీ-4 కుటీర పరిశ్రమ, ఎల్‌టీ-5 వ్యవసాయం. మోటరు ఏ కంపెనీది, ఎంత తాగుతుంది అన్నది తర్వాతి సంగతి. అది ఏ గడపలో పుట్టిందన్నదే ముందు ప్రశ్న. ఒకటే మోటరు, 3 హెచ్‌పీ. బావి మీద పెడితే రైతు, కరెంటు ఉచితం. మగ్గాల షెడ్డులో పెడితే కుటీరం, 2022-23 ఉత్తర్వు ప్రకారం యూనిట్ 4 రూపాయలు. లేతుకు బిగించి షెడ్డు కడితే పరిశ్రమ, యూనిట్ 7 రూపాయల 70 పైసలు. అదే లేతును షెడ్డు కట్టే స్తోమత లేక వసారాలో పెట్టుకుంటే కేసు. రైతుకు ఇవ్వొద్దని ఎవడంటాడు, ఇవ్వాల్సిందే. నా గోడంతా ఎల్‌టీ-5 మోటరు గురించి కాదు, మధ్యలో నలిగేవాడి గురించి.

కుటీర పరిశ్రమల కేటగిరీ ఉంది కదా, అందులో చేరొచ్చు కదా అంటారా? ఆ 2022-23 టారిఫ్ ఉత్తర్వులోని జాబితా ఒకసారి చదవండి, అంత కమ్మటి వచనం ఈ మధ్య అచ్చయినట్టు లేదు. మరమగ్గాలు, వడ్రంగం, కమ్మరం, కంచరి, కంసాలి, శిల్పి, కుమ్మరి, మోచీ. ఇక్కడిదాకా గ్రామ చిత్రపటం. అక్కణ్నుంచి ఫినాయిలు, అగరుబత్తి, కొవ్వొత్తి, అప్పడాలు, చెప్పులు, సబ్బులు, లక్క బొమ్మలు, ఊరగాయలు, మామిడి తాండ్ర, అడ్డాకు విస్తళ్లు, బట్టల పొడి. నిర్మల్ కొయ్యబొమ్మ చెక్కేవాడికి చోటుంది, సంతోషం. ఆ బొమ్మ చెక్కే ఉలి తయారుచేసే కమ్మరికి చోటుంది, అదీ సంతోషమే. కమ్మరి కొడుకు కొలిమి వదిలి ఐటీఐలో టర్నర్ ట్రేడు చదివి లేతు కొనుక్కుంటే వాడికి పేరు లేదు. జాబితా చివర ‘వగైరా’ అని ఒకటుంది. మన మిస్త్రి బతుకంతా ఆ వగైరాలో ఇరుక్కుని ఉంది.

పోనీ వగైరాలోంచే దూరదామంటే ఇంకో మెలిక. ఆ కుటీరం అసలైన కుటీరమేనని ఆపరేషన్ డీఈ ధ్రువీకరించాలి. వీడు నిజమైన కమ్మరా, దొంగ కమ్మరా అన్నది కరెంటు ఇంజనీరు తేలుస్తాడన్నమాట. కొలిమి ముందు కూచోబెట్టి కొడవలి సాగదీయించి మార్కులు వేస్తారేమో నాకు తెలియదు. మొత్తం లోడు 10 హెచ్‌పీ దాటకూడదన్నది ఆ ఉత్తర్వులో మరో షరతు. దీని రుచి సిరిసిల్లవాళ్లకు బాగా తెలుసు. అక్కడ కరెంటు పంచేది సెస్, 1970 ప్రాంతంలో పుట్టిన సహకార సంఘం, దేశంలో అలా మొదలైన తొలి అయిదు సంఘాల్లో ఒకటి. ఆ షరతు కింద ఒక్కో హెచ్‌పీ మోటరుతో పది సాంచాలు (మరమగ్గాలు) ఆడించే ఆసామి కుటీరవాసి. పదకొండో సాంచ తెచ్చాడా, టాటా బిర్లాల పక్కన కుర్చీ వేసేవారు. తెల్లవారేసరికి పారిశ్రామికవేత్త అయిపోవడానికి అంతకన్నా దగ్గరి దారి ప్రపంచంలో ఉండేది కాదు.

ఇక ఆఫీసు. ఏ ఆఫీసని అడక్కండి, ఏ ఊళ్లో అయినా ఈ మాటలే వినబడతాయి.

“సార్, త్రీ ఫేజ్ గావాలె.”

“ఏం బెడ్తవ్?”

“లేతు మిషన్ సార్.”

“ఎక్కడ?”

“ఇంట్లనే సార్.”

“ఇంట్ల లేతెందుకయ్యా? ఏసీలని రాసుకరా, చేద్దాం.”

ఈ చివరి మాటలో మొత్తం విధానమంతా ఉంది. నాలుగు ఏసీలు, రెండు గీజర్లు ఉన్న మేడకు త్రీ ఫేజ్ మీటరు బిగించడానికి ఎవరూ కనుబొమ ఎత్తరు. ఒక గీజరు 2 కిలోవాట్లు. మన 3 హెచ్‌పీ లేతు నిండు లోడు మీద కోస్తే రెండుంబావు. గీజరు నీళ్లు కాస్తే సంసారం, ఇంచుమించు అంతే కరెంటుతో ట్రాక్టరు పిన్ను కోస్తే నేరం. అల్లుడొచ్చాడని రోజంతా చల్లబెట్టుకుంటే గృహావసరం, బోరు పైపుకు మర వేసి పక్కింటి రైతు చేతిలో పెడితే అనధికార వినియోగం.

దారి లేని చోట మిస్త్రి దారి కనిపెడతాడు. మొదటి దారి కండెన్సరు. ఈ విద్య నేర్పింది మన రైతులే. త్రీ ఫేజ్ వంతులవారీగా వచ్చే కాలంలో, రాత్రి ఇళ్లకోసం వదిలిన సింగిల్ ఫేజు మీదనే కండెన్సర్లు వేసి మోటర్లు నడిపారు. 230 వోల్టుల దగ్గర కిలోవాటుకు ఇంచుమించు 70 మైక్రోఫారడ్లు అన్నది పాత లెక్క. పొలాల్లో ఆ లెక్క తెలియకుండానే చేతి అంచనాతో వేసేవారు. మోటర్లు తిరిగాయి, కాలాయి కూడా. కొన్నిసార్లు ట్రాన్స్‌ఫార్మర్లు తోడు వెళ్లాయి. వైండింగ్ షాపులవాళ్లు ఇళ్లు కట్టుకున్నారు. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చింది. దానికి ముందు ఏడాది సర్కారు ఇంకో పాట పాడింది. కరెంటు రాగానే తమంతట తామే మోటర్లు ఆన్ చేసే ఆటో స్టార్టర్లు తీసేయండని రైతులను బతిమాలింది. బావి కాడ మోటరుకు అవసరానికి మించి కరెంటు. వసారాలో మోటరుకు అవసరమున్నా కరెంటు లేదు. ఇద్దరికీ తీగ మాత్రం ఒకే స్తంభం మీద పోతుంది. కండెన్సరుతో లేతు నడపొచ్చు కానీ మోటరు బలంలో మూడో వంతు పోతుంది, లోతుగా కోత పెడితే కుదురుగా నిలబడదు.

రెండో దారి వీఎఫ్‌డీ డ్రైవు. టిఫిను డబ్బా అంత ఉంటుంది. సింగిల్ ఫేజు తీసుకుని డీసీగా మార్చి, దాన్ని మళ్లీ తునకలు చేసి మూడు ఫేజులుగా వదుల్తుంది. లేతు వేగం కూడా గుబ్బ తిప్పితే తగ్గుతుంది, పెరుగుతుంది. చిక్కల్లా ఏమిటంటే, అది ఇచ్చే మూడు ఫేజులు 230 వోల్టులవి, మోటరు అడిగేది 415. మన దగ్గర చిన్న మోటర్లను మామూలుగా స్టార్‌లో కడతారు. వాటిని డెల్టాకు మార్చుకుంటే 230కి సరిపోతాయి. కానీ చాలా మోటర్లకు బయటికొచ్చేవి మూడే కొసలు. స్టార్ ముడి లోపలే వైండింగులో పూడ్చేసి ఉంటుంది.

అప్పుడు చూడాలి వైండింగ్ షాపులో పనితనం. మూత విప్పి, రోటరు బయటికి లాగి, వార్నిష్ కింద గట్టిపడ్డ తీగల కట్టను బల్బు వెలుగులో తిప్పి తిప్పి చూస్తాడు. దారం కత్తిరించి, చాకు మొనతో వార్నిష్ గీకి ఆ ముడిని పట్టుకుంటాడు. మూడు తీగలను విడదీసి, ఒక్కోదానికి స్లీవు తొడిగి, ఏ కొస ఏ వైండింగుదో సీరీస్ బల్బుతో పరీక్షించి గుర్తు పెట్టి, ఆరు కొసలూ బయటికి తెస్తాడు. ఒక్క కొస తారుమారైతే మోటరు మళ్లీ మూలుగుడే. అయిపోయాక, “డ్రైవుకూ మోటరుకూ నడుమ పాత స్టార్టరు పెట్టకన్నా, డ్రైవు ఎగిరిపోతది” అని చెప్పి పంపిస్తాడు. అది ఏ ఉత్తర్వులోనూ లేని సలహా, అయినా అక్షరాలా నిజం. ఆ మనిషికి ఏ డీఈ ధ్రువీకరణా లేదు.

డ్రైవు బిగించారు, లేతు తిరిగింది, ఇనుప రజను నేల మీద చుట్టలు చుట్టుకుంది. సరిగ్గా ఇక్కడే 2003 విద్యుత్ చట్టంలోని 126వ సెక్షన్ గడపలో చెప్పులు విడుస్తుంది. ఇంటి మీటరు మీద పరిశ్రమ కరెంటు వాడితే ఆ కేటగిరీ రేటుకు రెట్టింపు వసూలు. ఎప్పటి నుంచి వాడుతున్నావో తేలకపోతే వెనక్కి 12 నెలలకు. తెల్ల రేషన్ కార్డున్న మిస్త్రి అయితే గృహజ్యోతి కింద నెలకు 200 యూనిట్ల లోపు సున్నా బిల్లు వస్తూ ఉంటుంది. సున్నాకు రెట్టింపు సున్నాయే కదా అని ధైర్యపడకండి, రెట్టింపు లెక్క పరిశ్రమ రేటు మీద. దొరికిన సాక్ష్యం ఆ రజను చుట్టలే. చీపురు ముందు కొనుక్కోండి, డ్రైవు తర్వాత.

చిన్నవాళ్ల మీద సర్కారుకు ప్రేమ లేదని కాదు. 2014లోనే టీఎస్-ఐపాస్ చట్టం చేశారు, మెగా ప్రాజెక్టులకు 15 రోజుల్లో అనుమతులన్నారు. మెగా అయ్యేదాకా ఓపిక పట్టాలి, అంతే. చేత్తో వస్తువులు తయారుచేసే ఉత్సాహవంతుల కోసం 2023 మార్చిలో హైదరాబాద్‌లో టీ-వర్క్స్ తెరిచారు, 78,000 చదరపు అడుగులు, మేలైన మిషన్లు. ఆదిలాబాద్ నుంచి 300 కిలోమీటర్లే. పిన్ను విరిగిన ట్రాక్టరును నడిపించుకుంటూ వెళ్తే మర్నాటికి చేరుకోవచ్చు.

ఈ నేల మీద ఇనుము పని నిన్న మొన్న మొదలైంది కాదు. నిర్మల్‌లో ఫిరంగులు పోతపోశారు. గోదావరి అవతల కోనసముద్రంలో కాచిన ఉక్కు కోసం ఇస్ఫహాన్ నుంచి వర్తకులు వచ్చి కొలిమి దగ్గర కూచున్నారు. ఆ ఉక్కు పశ్చిమాసియాలో కత్తులైంది. జైనూరు దగ్గర ఓజాలు ఇవాళ్టికీ మైనం అచ్చుతో ఇత్తడి పోస్తున్నారు. వీళ్లెవరినీ నీ లోడెంత, నీ కేటగిరీ ఏది అని అడిగినవాడు లేడు. అడిగి ఉంటే ఫిరంగి వాణిజ్యమా పరిశ్రమా అని తేలేలోపు యుద్ధం అయిపోయేది.

కావలసింది పెద్ద సంస్కరణ కాదు. ఇంట్లో 10 హెచ్‌పీ లోపు మిషన్ పెట్టుకునేవాడికి, వాడు కోసేది కొయ్యయినా ఇనుమైనా, అడిగితే త్రీ ఫేజ్, కుటీరం రేటు, విడి మీటరు. ధ్రువీకరణ మీటరే చేస్తుంది, డీఈ అక్కర్లేదు. టారిఫ్ ఖరారు చేసేముందు విద్యుత్ నియంత్రణ మండలి ప్రజల అభ్యంతరాలు పిలవాలి, బహిరంగ విచారణ పెడుతుంది కూడా. పెద్ద పరిశ్రమలవాళ్లు లాయర్లతో వస్తారు, రైతు సంఘాలు జెండాలతో వస్తాయి. ఈసారి ప్రకటన పడ్డప్పుడు మన ఊళ్ల టర్నర్లు, ఫిట్టర్లు, వైండింగ్ మిస్త్రీలు ఒక్కొక్కరు ఒక్క కాగితం రాయండి. అందులో ఒకే వాక్యం చాలు: అప్పడాలకూ అడ్డాకు విస్తళ్లకూ మధ్య ఎక్కడో ఒకచోట లేతు అని చేర్చండి.