ఒక్క రింగు బావ

మా ఆవిడ నా ఫోన్‌కు హుండీ అని పేరు పెట్టింది. లోపలికి పడేదే గానీ బయటికి వచ్చేది ఉండదని. తిరుపతిలో కాపురం ఉంటూ అంత మాట అనిపించుకోవడం చిన్న సంగతి కాదు గనక నేనూ కాదనలేదు. ఎవరైనా నాకు ఫోన్ చెయ్యొచ్చు, నేను మాత్రం ఎవరికీ చెయ్యను. నా సిద్ధాంతం అంతే.

ఈ జబ్బు పాతది. మా పెళ్లి శుభలేఖ మీద అచ్చేసిన ఫోన్ నంబరు ఎదురింటి వాళ్లది. పక్కన పి.పి. అని రెండక్షరాలు వేస్తే ఆ రోజుల్లో ఊళ్లోవాళ్ల ఫోన్ కూడా మన ఫోనే. ఎదురింటామె అన్నం ముందర నుంచి లేచొచ్చి గేటు దగ్గర కేకేస్తే, నేను లుంగీ సర్దుకుంటూ పోయి, వాళ్ల కుర్చీలో కూర్చుని, టీవీ సౌండు తగ్గించమని వాళ్లకే సైగ చేసేవాణ్ని. నేను చెయ్యాల్సి వస్తే పసుపు బోర్డు ఎస్టీడీ బూతు. రాత్రి పొద్దుపోయి చార్జీ పావు వంతుకు దిగేదాకా అరుగు మీద కాపు కాసి, ఆ అద్దాల గదిలో దూరితే, ఎదురుగా ఎర్రంకెలు గబగబా పెరుగుతుండేవి. వాటిని చూస్తూ "బాగుండారా" అని అడగ్గలమే గానీ, బదులు వినేంత ఓపిక ఎవరికుంటుంది?

1995 జూలై 31న బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు కలకత్తా నుంచి ఢిల్లీలో ఉన్న టెలికాం మంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడి దేశంలో సెల్‌ఫోన్‌కు కొబ్బరికాయ కొట్టినాడు. అప్పట్లో వచ్చే కాల్‌కు కూడా మనమే కట్టాలని తెలిసి నేను దాని జోలికే పోలేదు. 2003 మే నెలలో, చేసినవాడే కట్టుకోవాలని పద్ధతి మారింది. నాకోసమే మార్చినారనుకుని సెల్ కొన్నాను.

అప్పుడు మొదలైంది మా మిస్డ్ కాల్ సంసారం. ఒక్క రింగయితే బస్సెక్కినానని. రెండయితే దిగినాను, ఎసరు పెట్టమని. మూడయితే విషయం పెద్దది, నువ్వే చెయ్యమని. బంధువులంతా త్వరగానే నేర్చుకున్నారు. పలమనేరులో ఉన్న మా అత్తగారికే చాన్నాళ్లు పట్టింది. రింగు సగం మోగకముందే ఎత్తేసి "చెప్పు నాయనా" అనేది. ఆ రెండు మాటలకు నా రూపాయి హరీ. ఆమెకు మా ఆవిడతో పాఠం చెప్పించినాను: నా పేరు కనబడితే ఎత్తొద్దు, కోసేసి మీరే చెయ్యండి అని. అల్లుడి మాట కదా, తు.చ. తప్పకుండా పాటించింది.

2005 చివర్లో లైఫ్‌టైమ్ ప్లాన్లు వచ్చినాయి. 999 రూపాయలు కడితే జీవితమంతా వచ్చే కాల్స్ ఉచితం. నా జీవితంలో ఫోన్ మీద అంత డబ్బు ఒక్కసారిగా పెట్టింది అప్పుడే. ఎవరి జీవితమని అడగడం మరిచిపోయినాను. 2018 చివరికల్లా, 28 రోజులకోసారి కనీసం 35 రూపాయలు వెయ్యకపోతే వచ్చే కాల్ కూడా రాదన్నారు.

అంతటితో తగ్గితే నేనెందుకవుతాను? ఫోన్ కంపెనీల మీద అజమాయిషీ చేసే ట్రాయ్ రూలొకటి దొరకబుచ్చుకున్నాను. 90 రోజులు వాడకపోయినా, ఖాతాలో 20 రూపాయలుంటే నంబరు తీసెయ్యరు. ఆ 20 కోసుకుని ఇంకో 30 రోజులు ఉంచుతారు. నంబరు బతికే ఉంటుంది, పలకదు. "అచ్చం మీలాగే" అంది మా ఆవిడ.

పలకడానికి వాట్సాప్ పట్టుకున్నాను. మేడ మీద అద్దెకున్న పిల్లోళ్ల వైఫై మా పెరటి పిట్టగోడ మీద, తులసికోటకు ఎడంపక్కన మాత్రం అందుతుంది. కుడిపక్కకు జరిగితే మాట తెగిపోతుంది. కాబట్టి సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా నన్ను ప్రపంచంలో ఎవరైనా పట్టుకోవచ్చు, వాన రాకపోతే. ఆ పిల్లోళ్లు పాస్‌వర్డ్ మార్చినప్పుడల్లా రైల్వే స్టేషనే గతి. అక్కడ అర్ధగంట వైఫై ఉచితం. కాకపోతే అందులోకి దూరాలంటే ఫోన్‌కు ఓటీపీ రావాలి. ఓటీపీ రావాలంటే రీఛార్జి ఉండాలి. ప్లాట్‌ఫారం మీద ఫోన్ చేతబట్టుకుని, రాని ఓటీపీ కోసం రైలుకు చూసినట్టు చూసేవాణ్ని.

నా విద్యకు గౌరవం దొరికే ఊరు ఒక్కటే, తిరుమల కొండ. గుళ్లోకి సెల్‌ఫోన్ రానియ్యరు. ఎంత ఖరీదైన ఫోనైనా కౌంటర్లో ఇచ్చేసి లైన్లోకి పోవాల్సిందే. మొన్న మా బావమరిది మదనపల్లె నుంచి పిల్లాజెల్లాతో వస్తే అందరం కలిసి పోయినాము. దర్శనం కోసం కంపార్ట్‌మెంటులో కూర్చున్నాక అడిగినాను, తప్పిపోతే ఎవరి నంబరుకు చేస్తారు, చెప్పండి చూద్దామని. ఒక్కరికీ ఒక్క నంబరు నోటికి రాదు. బావమరిదికి పెండ్లాం నంబరే తెలీదు. నేను అందరివీ గడగడా అప్పజెప్పినాను. రోజూ మిస్డ్ కాల్ ఇచ్చిన చెయ్యి కదా.

"ఎవరు ఎక్కడ విడిపోయినా సరే, బేడి ఆంజనేయస్వామి దగ్గరికి రండి" అన్నాను. మహాద్వారానికి ఎదురుగా, చేతులకు బేడీలతో నిలబడి ఉంటాడాయన. చిన్నప్పుడు ఒంటెను వెతుక్కుంటా ఊరు దాటిపోబోతే, అంజనాదేవి బేడీలేసి, నేనొచ్చేదాకా ఇక్కడే ఉండమని ఆకాశగంగ వైపు పోయిందట. దర్శనమయ్యాక లడ్డూల దగ్గర ఒకరు, చెప్పుల దగ్గర ఒకరు చెదిరిపోయినారు. తప్పిపోయినోళ్ల పేర్లు రకరకాల భాషల్లో మైకులో వినబడతానే ఉండాయి. మావాళ్లు మాత్రం ఒక్కొక్కరే స్వామి ముందర తేలినారు.

"చూసినారా, పైసా ఖర్చు లేదు" అన్నాను మీసం దువ్వుతా.

"ఆయన్ని వాళ్లమ్మ కట్టేసింది గనక ఉన్నచోటే ఉండాడు" అంది మా ఆవిడ. "మిమ్మల్ని యాడని వెతికేది? మా అమ్మకు జ్వరమొచ్చిన రాత్రి పిట్టగోడ మీద కూడా లేరే?"

బావమరిది అందుకున్నాడు: "పైసా ఖర్చు లేదంటావేంది బావా? ఇన్నేండ్ల నీ పొదుపంతా నా బ్యాలెన్సులోదే కదా."

దానికి నా దగ్గర ఏ రింగూ లేదు.

కౌంటర్లో ఫోన్ తీసుకున్న వెంటనే అక్కడే నిలబడి నాకు రీఛార్జి చేసేసినాడు. డేటా అక్కర్లేనివాళ్లకు మాటలకు, ఎస్సెమ్మెస్సులకు మాత్రమే ప్లాన్ ఉండాలని 2024 డిసెంబరులో ట్రాయ్ కంపెనీలకు చెప్పింది. గడువు 365 రోజుల దాకా పెట్టొచ్చంది. అట్లాంటిదొకటి చూసి ఏడాదికి కట్టినాడు. ఇకమీదట నువ్వే చెయ్యాలని షరతు.

ఇంటికొచ్చి వరసగా మొదలుపెట్టినాను. పుత్తూరు పిన్నమ్మ నా గొంతు వింటానే, "అయ్యో, ఎవురికేమైందిరా?" అని ఏడుపందుకుంది. కాళహస్తి తమ్ముడు, "అన్నా, నీ ఫోన్ ఎవుడన్నా కొట్టేసినాడా? ఎవురు మాట్లాడేది?" అన్నాడు. చివరికి అత్తగారికి చేసినాను. ఒక్క రింగు మోగింది, టక్కున కోసేసింది. మరు నిమిషంలో తనే చేసి, "చెప్పు నాయనా, నీ డబ్బులు పోకుండా కోసేసినాలే" అంది.