పెడచెవిన పెట్టాల్సిన బీమ్ సలహాలు

"స్లాబ్ ఇంకో అంగుళం మందం వేయించండి సార్, బీమ్‌కు బలమొస్తుంది." ఇల్లు కట్టించుకునేవాళ్ళకు సైట్‌లో ఊరికే దొరికే సలహాల్లో ఇది ముందు వరసలో ఉంటుంది. చెప్పే మేస్త్రీకి అనుభవం ఉంది, మన మంచే కోరుతున్నాడు. అయినా ఈ మాట వినకండి. ఎందుకు వద్దంటున్నానో అంకెలతో సహా చూపిస్తాను.

మామూలు ఇంటి హాలు తీసుకుందాం. బీమ్ పొడుగు (స్పాన్) 6 మీటర్లు, 3 మీటర్లకొక బీమ్. వెడల్పు 230 మిల్లీమీటర్లు, అంటే మన 9 అంగుళాల గోడంత. మొత్తం లోతు 450, అందులో పైన 120 స్లాబ్‌దే. అడుగున 20 ఎం.ఎం. రాడ్లు నాలుగు. కాంక్రీట్ ఎం25, స్టీలు ఎఫ్ఈ500. స్లాబ్ పైఅంచు నుంచి అడుగు రాడ్ల మధ్యదాకా 400 మిల్లీమీటర్లు, దీన్నే ఎఫెక్టివ్ డెప్త్ అంటాం. ప్రస్తుతానికి బీమ్ రెండు చివర్లా గోడల మీద ఊరికే కూర్చుందనుకోండి.

బరువు పడితే ఈ బీమ్ మధ్యలో కిందికి వంగుతుంది. అడుగుభాగం సాగుతుంది, పైభాగం నొక్కుకుంటుంది. సాగుడు రాడ్ల పని, నొక్కుడు కాంక్రీట్ పని. బీమ్‌నూ స్లాబ్‌నూ కలిపి ఒకేసారి పోస్తాం కాబట్టి అటూ ఇటూ ఉన్న స్లాబ్ కూడా ఆ నొక్కుడులో చెయ్యి వేస్తుంది. దీన్నే టీ బీమ్ అంటారు, కొత్తగా కట్టే వస్తువేమీ కాదు. అలాగని 3 మీటర్ల స్లాబూ మొత్తంగా లెక్కలోకి రాదు. బీమ్ నుంచి దూరం జరిగేకొద్దీ స్లాబ్ మోసే వాటా తగ్గిపోతుంది. ఎంత మేర లెక్కపెట్టాలో మన దేశపు కాంక్రీట్ కోడ్ ఐఎస్ 456 చెబుతుంది: స్పాన్‌లో ఆరో వంతు, బీమ్ వెడల్పు, స్లాబ్ మందానికి ఆరు రెట్లు, ఈ మూడూ కూడాలి. మన హాలుకు 1000, 230, 720 కలిసి 1950 మిల్లీమీటర్లు. "రెండు బీముల నడిమి స్లాబంతా మోస్తుందిలే" అనే సలహాకు ఈ కూడికే జవాబు.

ఇప్పుడు బలం చూద్దాం. నాలుగు రాడ్లూ కలిసి సుమారు 546 కిలోన్యూటన్లు లాగుతాయి. అంతే బలంతో పైన కాంక్రీట్ నొక్కాలి. 1950 వెడల్పున పరుచుకుంటే ఆ నొక్కుడుకు పైనున్న 31 మిల్లీమీటర్లు చాలు. మళ్ళీ చదవండి: 120 మిల్లీమీటర్ల స్లాబ్‌లో పని చేస్తున్నది పైపొర 31 మాత్రమే. లాగే బలానికీ నొక్కే బలానికీ మధ్య దూరం 387 మిల్లీమీటర్లు, బీమ్ తట్టుకునే మొమెంట్, అంటే వంచే ప్రభావం, 211 కిలోన్యూటన్ మీటర్లు.

మేస్త్రీ చెప్పినట్టు ఒక అంగుళం పైచిలుకు పెంచి, మొత్తం లోతు మార్చకుండా స్లాబ్‌ను 150 చేశామనుకోండి. బీమ్ బలం 211 నుంచి 212 అవుతుంది. పెరిగింది ఒక్కటంటే ఒక్కటి, నిజానికి అది కూడా నిండుగా లేదు. స్లాబ్ బరువు మాత్రం చదరపు మీటరుకు 75 కిలోలు పెరుగుతుంది. భద్రత కోసం కలిపే ఒకటిన్నర రెట్లతో లెక్కవేస్తే ఆ బరువు వల్ల బీమ్ మీద పడే మొమెంట్ 15 కిలోన్యూటన్ మీటర్లు. ఒక్కటి ఇచ్చి పదిహేను తీసుకునే బేరం ఇది. స్లాబ్ తన స్పాన్‌కు చాలకపోతే మందం పెంచాల్సిందే, దాన్ని కాదనను. బీమ్ కోసమని మాత్రం పెంచకండి.

దీనికి తోడబుట్టిన సలహా ఇంకొకటుంది: "ఎం25 బదులు ఎం30 పోయించండి, బీమ్ రాయిలా ఉంటుంది." ఎం30కు మంచి గుణాలు చాలా ఉన్నాయి. సముద్రపుగాలి నేరుగా తగిలే చోట ఐఎస్ 456 ప్రకారం అది తప్పనిసరి, కవర్ (రాడ్ల మీది కాంక్రీట్ పొర) కూడా 45 మిల్లీమీటర్లు ఇవ్వాలి. కానీ మన హాలు బీమ్ వంపు బలం దానివల్ల 211 నుంచి 213 దగ్గరికి మాత్రమే వెళ్తుంది. కాంక్రీట్‌కు ఇప్పటికే పని తక్కువగా ఉంది, ఇంకా బలమైన కాంక్రీట్ తెచ్చి ఏం చేయిస్తారు?

మరి దేనికి ఖర్చు పెట్టాలి? లోతుకు. అదే బీమ్, అవే నాలుగు రాడ్లు, లోతు మాత్రం 450 నుంచి 525కు, అంటే 3 అంగుళాలు. బలం 211 నుంచి 252కు లేస్తుంది, పెరిగిన సొంత బరువు పుచ్చుకునేది మూడు కూడా ఉండదు. పలుగు పొడుగైతే అదే చేతిబలంతో పెద్ద బండ లేచినట్టు, లాగే బలానికీ నొక్కే బలానికీ మధ్య దూరం పెరిగితే అవే రాడ్లు ఎక్కువ మోస్తాయి. ఇంటివాళ్ళు మాత్రం "బీమ్ కిందికి దిగితే చూడ్డానికి బాగోదు" అని మొట్టమొదట కోసేది ఈ లోతునే. సీలింగ్ అందం కోసం మూడు అంగుళాలు తగ్గించి, తర్వాత బలం కోసం స్లాబ్ మీద డబ్బు పోసేవాళ్ళను చూస్తే నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ఆ అందం కోసమే పుట్టింది మరో సలహా: "బీమ్‌ను పైకి తిప్పేద్దాం, కింద సీలింగ్ చదునుగా వస్తుంది, బీమ్ బీమే కదా." ఇన్వర్టెడ్ బీమ్ తప్పేమీ కాదు, డిజైన్ చేసి వేస్తే నిలబడుతుంది. తప్పంతా "బీమ్ బీమే" అనుకోవడంలో ఉంది. పైకి తిప్పగానే స్లాబ్ బీమ్ అడుగుకు చేరుతుంది. అడుగు సాగే చోటు. సాగే కాంక్రీట్ పగుళ్ళిస్తుంది, లెక్కలో దానికి విలువ సున్నా. పైన నొక్కుడుకు మిగిలేది 230 వెడల్పు ఒక్కటే. 546 కిలోన్యూటన్లను అంత సన్నపు చోట నొక్కాలంటే 264 మిల్లీమీటర్ల లోతు కావాలి. ఎఫ్ఈ500 స్టీలుకు ఐఎస్ 456 ఒప్పుకునే హద్దు ఎఫెక్టివ్ డెప్త్‌లో 0.46 వంతు, అంటే 184. ఆ హద్దులో ఉండి, పైన నొక్కుడుకు రాడ్లు ఇవ్వకుండా ఈ బీమ్ ఇవ్వగలిగేది 123 కిలోన్యూటన్ మీటర్లు. 211 ఎక్కడ, 123 ఎక్కడ?

ఆ హద్దు ఎందుకు పెట్టారో కూడా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే "అనుమానంగా ఉంటే ఇంకో రెండు రాడ్లు వేసెయ్యండి" అనే సలహా వచ్చి పడుతుంది. రాడ్లు తక్కువగా ఉన్న బీమ్ ప్రమాదానికి ముందు ఊరుకోదు. స్టీలు సాగుతుంది, బీమ్ కిందికి జారుతుంది, అడుగున పగుళ్ళు విచ్చుకుంటాయి, మనుషులు బయటికి పరిగెత్తే వ్యవధి ఇస్తుంది. రాడ్లు మరీ ఎక్కువైతే స్టీలు సాగకముందే పైనున్న కాంక్రీట్ నలిగిపోతుంది. హెచ్చరిక ఉండదు. పైకి తిప్పిన బీమ్‌లో అడుగు రాడ్లు పెంచితే భద్రత పెరుగుతుందనుకోవడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టి తెలుస్తుంది. కావలసింది లోతో, వెడల్పో, లేదా నొక్కుడు వైపు లెక్కకట్టి వేసిన రాడ్లో.

అడుగు రాడ్లు పట్టే చోటు కూడా చూసుకోవాలి. 230 వెడల్పులో రెండు పక్కలా 25 కవర్, 8 ఎం.ఎం. రింగులు పోగా మిగిలేది 164. నాలుగు 20 ఎం.ఎం. రాడ్లు పెడితే మధ్య సందులు 28 చొప్పున వస్తాయి. 20 ఎం.ఎం. కంకర వాడితే సందు కనీసం 25 ఉండాలి కాబట్టి సరిపోయింది. "ఇంకోటి దూర్చండి" అని అయిదోది పెడితే సందు 16కు పడుతుంది. 20 ఎం.ఎం. కంకర అందులోంచి దిగదు. పైన ఆగిపోతుంది, అడుగున సిమెంటు పాలు మాత్రం చేరతాయి, సెంట్రింగ్ విప్పాక రాడ్లు బయటపడి తేనెపట్టులాంటి బొక్కలు (హనీకోంబ్) కనిపిస్తాయి. దానికి మొహాన సిమెంటు పూసి దాచేయమనే సలహా వెంటనే వస్తుంది. అది కూడా వినకండి.

ఇంతవరకూ గోడల మీద కూర్చున్న బీమ్ సంగతి. మన ఇళ్ళలో బీములు ఎక్కువగా పిల్లర్ మీదుగా సాగిపోతాయి, అక్కడ వంపు తిరగబడుతుంది. పైభాగం సాగుతుంది, అడుగు నొక్కుకుంటుంది. అంటే పిల్లర్ దగ్గర స్లాబ్ సాగే వైపు ఉంది, టీ బీమ్ అక్కడ మామూలు 230 బీమ్ అయిపోతుంది. "మధ్యలో నిలిచిన బీమ్ పిల్లర్ దగ్గర నిలవదా?" అని అడిగేవాళ్ళకు చెప్పండి: రెండు చివర్లా గట్టిగా పట్టుకున్న బీమ్ మీద బరువు సమంగా పరిస్తే, చివర్ల దగ్గరి మొమెంట్ మధ్యలోదానికి రెట్టింపు. బలం తక్కువైన చోటే భారం ఎక్కువ. అందుకే పిల్లర్ల మీద పైన ఎక్స్‌ట్రా రాడ్లు ఇస్తాం, అడుగు రాడ్లు కూడా పిల్లర్‌లోకి నడిపిస్తాం. "అడుగు రాడ్లు పిల్లర్ దాకా ఎందుకు, మధ్యలో చాలు" అని కోసే మేస్త్రీని ఆపండి. భూకంప జోన్లలో వర్తించే ఐఎస్ 13920 అయితే పిల్లర్ అంచు దగ్గర అడుగు స్టీలు పై స్టీలులో కనీసం సగం ఉండాలంటుంది.

ఆ పై రాడ్లకు కాంక్రీట్ వేసే రోజున పట్టే గతి చూడాలి. తట్టలతో మనుషులు వాటి మీదే నడుస్తారు, పంపు గొట్టం వాటి మీదే ఈడుస్తారు. కింద వాటిని ఎత్తి పట్టే చైర్లు లేకపోతే సాయంత్రానికి రాడ్లు 40 మిల్లీమీటర్లు కుంగి ఉంటాయి. డ్రాయింగ్‌లో 400 ఉన్న ఎఫెక్టివ్ డెప్త్ సైట్‌లో 360. పదో వంతు బలం నడకలోనే పోయింది, పైకి ఏమీ కనిపించదు. నడవడానికి చెక్కలు పరవమనండి, ఎవరో విసుక్కున్నా సరే.

బాత్‌రూము దగ్గర ఒక చిక్కుంది, అపార్ట్‌మెంట్లలో తరచూ కనిపిస్తుంది. పైపుల కోసం అక్కడ స్లాబ్‌ను 300 దాకా దించుతారు. దించిన స్లాబ్ బీమ్ పైఅంచుకు కాదు, పొట్టకు తగులుతుంది. ఒకపక్కే దించితే కంగారు లేదు: మిగిలిన పక్క స్లాబ్‌తో లెక్కించే వెడల్పు 1090, వంపు బలం 206, దాదాపు మునుపటంతే. మెలిక భారం మాత్రం విడిగా చూడాలి. రెండు ఫ్లాట్ల బాత్‌రూములు ఒకే బీమ్‌కు అటూ ఇటూ వచ్చాయంటే స్లాబ్ రెండు వైపులా దిగిపోయింది, 211 మళ్ళీ 123కు పడింది. "దించింది రెండు అడుగుల మేరే కదా" అంటారు. ఆ రెండు అడుగులు బీమ్ నడిమధ్యలో వస్తే ఏం చేస్తారు? ఆర్కిటెక్ట్ ప్లాన్ మార్చిన ప్రతిసారీ స్ట్రక్చరల్ ఇంజనీరుకు తెలియాలి. సాఫ్ట్‌వేర్‌లో ఆ బీమ్ ఇంకా టీగానే ఉండిపోతే కంప్యూటర్ దానంతటది దిద్దుకోదు.

"ఇవాళ బీములు స్లాబ్ అడుగుదాకా పోసేద్దాం, స్లాబ్ ఎల్లుండి చూద్దాం" అన్నా జాగ్రత్త. స్లాబ్ బీమ్‌తో ఏకంగా పోసుండాలి, లేదా గట్టిగా అతుక్కునేలా వేరే ఏర్పాటుండాలి, అప్పుడే దాన్ని లెక్కలోకి తీసుకోవచ్చని కోడ్ మాట. తప్పనిసరై ఆపాల్సివస్తే రింగులు స్లాబ్‌లోకి పొడుచుకొచ్చి ఉండాలి, పాత కాంక్రీట్ ముఖాన్ని గరుకుగా చెక్కి, తేలిన పాలు, రంపపు పొట్టు కడిగేయాలి. నున్నటి ముఖం మీద పోసిన స్లాబ్ బీమ్ మీద కూర్చుంటుందే తప్ప బీమ్‌తో కలిసి పనిచేయదు. ఇంకో చిన్న సంగతి: స్లాబ్ మెయిన్ రాడ్లు బీమ్‌కు సమాంతరంగా పోతుంటే, బీమ్‌ను దాటుతూ అడ్డంగా పై రాడ్లు వేయాలి, స్లాబ్ మధ్యలోని మెయిన్ స్టీలులో 60 శాతానికి తగ్గకుండా.

చివరిది, అన్నిటికన్నా చవకైనది: "పక్కింటివాళ్ళ బీమ్ సైజే పెట్టండి, పదేళ్ళుగా చెక్కుచెదరలేదు." పక్కింటి హాలు 5 మీటర్లు, మీది 6 అయితే, అదే బరువుకు మీ బీమ్ మీద మొమెంట్ 44 శాతం ఎక్కువ. వాళ్ళ పైన ఒక్క అంతస్తే ఉందో, గోడ లేదో, బాత్‌రూము ఎటుందో మీకు తెలియదు. ఎవరు ఏ సలహా చెప్పినా, కాంక్రీట్ లారీకి ఆర్డరిచ్చేముందే డ్రాయింగ్ మీద సంతకం పెట్టిన ఇంజనీరుకు ఫోన్ చేసి, "ఈ మార్పుతో ఈ బీమ్ మొమెంట్ ఎంత, బలం ఎంత?" అని రెండు అంకెలు అడిగి రాసుకోండి.