కొనబోయే మనిషి

ఇతగాణ్ణి పోల్చుకోవడం సులువు. జనగామలో కృష్ణా ఎక్స్‌ప్రెస్ ఎక్కి, పక్క సీటాయన వడ్ల రేటు గురించి వాపోతుంటే సగంలో ఆపి, "అది సరేగని అన్నా, ఊపిరి సంచులు ఛాతీ మీదుంటే మంచిదా, వీపు మీదుంటే మంచిదా?" అని అడుగుతాడు. మహబూబాబాద్‌లో దిగేలోపు జవాబూ తనే చెప్తాడు. ముందుంటే పీల్చడం తేలిక, వెనకుంటే ఛాతీ ఖాళీ. అయితే... ఆ 'అయితే' దగ్గరే ఏళ్ల తరబడి ఆగి ఉన్నాడు.

కొనబోయేది రీబ్రీతర్. మామూలు స్కూబాలో వదిలిన ఊపిరి బుడగలై పోతుంది. ఇందులో పోదు. సోడా లైమ్ డబ్బాలోకి వెళ్తే ఆ సున్నం బొగ్గుపులుసు వాయువును పట్టేస్తుంది, ఒళ్లు వాడుకున్నంత ఆక్సిజన్ మళ్లీ కలుస్తుంది, ఆ గాలే ఊపిరి సంచి మీదుగా తిరిగి నోటికొస్తుంది. ఉత్త ఆక్సిజన్ 6 మీటర్ల లోతు దాటితే మూర్ఛ తెప్పించగలదు కాబట్టి దాన్ని పలచన చేయడానికి ఇంకో సిలిండరు, కొలవడానికి మూడు సెల్లులు, వాటి లెక్క చూడటానికి కంప్యూటరు. ఇదంతా తప్పు లేకుండా చెప్తాడు. చిక్కల్లా అదే. తప్పు చెప్తే ఎవరో ఒకరు ఆపేవారు.

బ్రిటన్ వాళ్ల ఇన్‌స్పిరేషన్ యంత్రం 1997 నుంచీ ఉంది, నమ్మొచ్చు. డెన్మార్క్ జేజే మొండిది. బెల్జియం రెవోలో సున్నం డబ్బాలు రెండు. తన పెళ్లిచూపుల్లో కూడా ఇన్ని గుణాలు ఎంచలేదు. ఆక్సిజన్ సెట్‌పాయింట్ 1.3 అని ఖాయమైపోయింది. యంత్రం మొరాయిస్తే గండం గడిపే సిలిండరు ఎడమ పక్కన. ఇంకా కొనని యంత్రంలో సెల్లులు ఎప్పుడు మార్చాలో పట్టిక కూడా గీసిపెట్టాడు. ఏ నీళ్లలో దిగుతావంటే బొమ్మకూరు రిజర్వాయరు వైపు చెయ్యి చూపిస్తాడు. "ముందుగాల ఈత నేర్చుకో బిడ్డా" అని వాళ్లమ్మ అంటే, "అది తర్వాతనే" అంటాడు.

భూపాలపల్లిలో ఇతనికో బావ ఉన్నాడు. సింగరేణి బాయిలో పని, రెస్క్యూ ట్రైనింగ్ అయినవాడు. ఆ బావ వీపున మోసేదీ రీబ్రీతరే. కాకపోతే నీళ్లలోకి కాదు, పొగలోకి. రెండింటి పుట్టుక ఒకటే. 1878లో హెన్రీ ఫ్లూస్ తయారుచేసిన పరికరం తొడుక్కుని, 1880లో లాంబర్ట్ అనే డైవరు బ్రిటన్‌లో నీట మునిగిన సెవెర్న్ రైలు సొరంగంలో చీకట్లో వెళ్లి ఇనుప తలుపు మూసి వచ్చాడు. అదే ఏడాది సీహామ్ బొగ్గు గని పేలినప్పుడూ ఆ పరికరాన్నే వాడారు.

మనవాడు బావకు ఈ కథంతా చెప్పి, చాయ్ చల్లారాక అసలు సంగతికొచ్చాడు.

"బావా, మీరు ఏ కంపెనీ సెట్టు తీస్కున్నరు?"

"మేం తీస్కునుడేంది, ఇచ్చిన్రు."

"సెల్లులెన్ని?"

"సెల్లుల్లేవ్. నాలుగు గంటలు నడుస్తది. ఐసు పెట్టుకొని పోవాలె, లేకుంటే సున్నం వేడికి పీల్చే గాలి కాగుతది."

"మరి కాన్ఫిగరేషన్?"

"అంటే?"

"అంటే, నీకు తగ్గట్టు ఎట్ల మార్చుకుంటవ్?"

"మార్చుకునుడు లేదు. లీకు టెస్టు చేస్తం. పాసైతే తొడుగుతం, కాకుంటే పక్కకు పెడ్తం."

మనవాడు జాలిగా చూశాడు. ఇన్నేళ్లు మోసి, పక్క కంపెనీది ఎంత బరువుంటుందో కూడా అడగని మనిషి! సున్నం రవ్వ ఎంత సన్నగా ఉండాలో మొదలుపెట్టాడు గానీ, బావకు సెకండ్ షిఫ్టు మస్టరు వేళైంది. చాయ్ పైసలు కూడా ఆయనే ఇచ్చిపోయాడు.

నా ఓటు బావకే. ఊపిరి ఆధారపడ్డ యంత్రాన్ని ఎంచుకున్నంత మాత్రాన మనిషి బతకడు, దిగే ప్రతిసారీ పరీక్షించి, తేడా ఉంటే దిగకుండా ఆగగలిగితేనే బతుకుతాడు. బావ ఆగుతాడు. మనవాడూ ఆగే ఉన్నాడు గానీ, అది వేరే ఆగడం.

ఇతగాడు మీకు తగిలితే జేజేనా రెవోనా అన్న తగువులోకి దిగకండి. ఏ యంత్రానికి ఆ యంత్రం మీదే శిక్షణ ఉంటుంది. కాబట్టి ముందు నేర్పేవాణ్ణి వెతుక్కొమ్మనండి, సున్నం, సెల్లులు ఎక్కడ దొరుకుతాయో కనుక్కొమ్మనండి, యంత్రం ఆ తర్వాత. ఈత సంగతి కూడా ఓసారి గుర్తుచేయండి.