నడుంనొప్పి పెంపకం

పన్నెండేళ్ళకోసారి వచ్చి పన్నెండు రోజులుండి వెళ్ళిపోయేవి పుష్కరాలు. నడుంనొప్పిని అలా వెళ్ళిపోనివ్వకూడదు. 2015 జులైలో గోదావరి పుష్కరాలకని తణుకు నుంచి కొవ్వూరు వెళ్ళాం. తడిబట్టల సంచీనీ, అత్తయ్యగారు గోదావరి నీళ్ళు నింపిన ఇత్తడి బిందెనీ ఒకే విడత ఎత్తబోయాను. నడుంలో కలుక్కుమంది. ఆనాటి నుంచి ఆ నొప్పిని చంటిపిల్లలా సాకుతున్నాను. మా వీధిలోనే ముగ్గురు ఇలాంటి నొప్పే తెచ్చుకుని నెల తిరక్కుండా పోగొట్టుకున్నారు. చేతికొచ్చింది నిలుపుకోవడం అందరికీ చేతకాదు. అందుకే ఈ నాలుగు మాటలు.

ముందు ఒక సంగతి తెలుసుకోవాలి. కొత్తగా పట్టిన నడుంనొప్పి చాలామందిలో ఆరు వారాల్లోపు దానంతటదే సర్దుకుంటుంది. ఆ ఆరు వారాలే గండం. అది దాటించారంటే ఇక అది మీ ఇంటి మనిషే.

దాటించడానికి మంచమెక్కడం శ్రేష్ఠం. 1995లో ఫిన్లండ్ వైద్యులు నడుం పట్టేసిన హెల్సింకి నగర ఉద్యోగులను మూడు జట్లు చేశారు. ఒక జట్టును రెండ్రోజులు పడుకోమన్నారు. ఒక జట్టుతో వ్యాయామాలు చేయించారు. మూడో జట్టును ఓర్చుకోగలిగినంతలో రోజువారీ పనులే చేసుకోమన్నారు. తొందరగా కోలుకున్నది మూడో జట్టు, పడుకున్నవాళ్ళు వెనకబడ్డారు. రెండ్రోజులకే అంత ఫలితముంటే పదిహేను రోజులు పడుకుంటే ఎంతుండాలి? కండరాలు నీరసిస్తాయి, కీళ్ళు బిగుసుకుంటాయి. పైగా చూడ్డానికొచ్చిన ప్రతివాళ్ళూ తమకు తెలిసిన ఒకావిడ నడుంనొప్పితో మొదలై చివరికెలా అయిపోయిందో చెప్పి, కాఫీ తాగి మరీ వెళ్తారు. భయం నొప్పికి మంచి ఎరువు. మా తోడికోడలు చెప్పిన ఒక్క కథతో నాకు నెల్లాళ్ళు నిద్రపట్టలేదు.

ఆడవాళ్ళకు పదిహేను రోజులు మంచమెక్కడ దొరుకుతుందంటారా? నిజమే. రెండోరోజు మధ్యాహ్నానికే ఇంగువ డబ్బా ఎక్కడుందని నాకు వంటింట్లోంచి పిలుపొచ్చింది. అలాంటప్పుడు ఒకటే దారి: పని ఎంతైనా చేయండి గానీ భంగిమ మార్చకండి. సింకు దగ్గర వంగితే గిన్నెలన్నీ అయ్యేదాకా అలాగే ఉండాలి. ఆఫీసు కుర్చీలో కూర్చుంటే భోజనం గంట దాకా లేవకూడదు. నీళ్ళు తక్కువ తాగితే లేవాల్సిన పనే రాదు.

ఆ తరవాత స్కానింగు. కాలికి తిమ్మిరి లేదు, పట్టు తప్పలేదు, ఇప్పుడే అక్కర్లేదమ్మా అంటాడు డాక్టరు. ఊరుకుంటామా! 1994లో అమెరికాలో నడుంనొప్పి లేని 98 మందికి ఎమ్మారై తీస్తే సగానికి పైగా మందిలో ఎక్కడో ఒకచోట డిస్కు ఉబ్బి కనిపించింది. డిస్కులన్నీ సవ్యంగా ఉన్నవాళ్ళు నూటికి 36 మందే. నొప్పిలేని వాళ్ళకే అన్ని దొరికితే, ఇంత నొప్పి ఉన్న మనకు ఒక్కటైనా దొరక్కపోతుందా? నాకు దొరికింది. ఎల్ ఫోర్, ఎల్ ఫైవ్ అనే నడుంపూసల మధ్య. దాన్ని నేనెంత ధాటిగా చెబుతానంటే, కూరలమ్మే ఆవిడ నన్ను ఎల్‌ఫైవ్ అమ్మగారనే పిలుస్తుంది. ఆ కాగితం వచ్చిన రోజునుంచి నడవడం తగ్గించాను, మెట్లెక్కడం మానేశాను. ఫిల్ము బీరువాలో, పెళ్ళి పట్టుచీర మడతల్లో భద్రంగా ఉంది.

మెడ విషయంలో నా అనుభవం తక్కువ. మా అబ్బాయి నన్ను మించిపోయాడు. మనిషి తల బరువు ఐదు కిలోల దరిదాపు. ఫోను చూడ్డానికి దాన్ని అరవై డిగ్రీలు వంచితే మెడ మీద పడే భారం 27 కిలోలని 2014లో న్యూయార్కు వెన్నెముక సర్జను ఒకాయన లెక్కగట్టాడు. అంటే పాతిక కిలోల బియ్యం బస్తా, దానిమీద రెండు కిలోల కందిపప్పు. అది కాగితం మీద లెక్కే గాని మనుషుల మెడలమీద తూచి చూసింది కాదు. కానీ మావాడు తూచి చూస్తున్నాడు. హైదరాబాదులో అద్దె గది, మంచం, మంచం మీద బాసింపట్టు, ఒళ్ళో దిండు, దిండు మీద లాప్‌టాప్, అర్ధరాత్రి దాకా అమెరికా వాళ్ళతో మీటింగులు. పగలు బండి మీద వెళ్తూ హెల్మెట్‌కీ చెవికీ మధ్య ఫోను దోపుకుంటాడు. ఇరవయ్యారేళ్ళకే మెడకు పట్టీ వేయించుకున్నాడు. వాడికి ఈ సాధన బళ్ళోనే మొదలైందనుకుంటాను. పుస్తకాల సంచీ బరువు పిల్లల బరువులో పదో వంతు మించకూడదని 2020లో కేంద్రం విధానం రాసేనాటికి మావాడు ఇంజనీరింగులో ఉన్నాడు.

బరువులెత్తడం ఒక కళ. మోకాళ్ళు వంచి, బరువును పొట్టకు దగ్గరగా పట్టుకుని లేవడం చూడ్డానికి బాగుండదు. కాళ్ళు నిటారుగా ఉంచి, నడుం దగ్గరే మడిచి, చేతులు బారచాచి, ఎత్తుతూ ఎత్తుతూనే పక్కకు తిరగాలి. ఇరవై లీటర్ల మంచినీళ్ళ టిన్నుతో మొదలుపెట్టండి. చెయ్యి తిరిగాక గ్యాసు బండ. గ్యాసు 14.2 కిలోలే గాని బండతో కలిపితే ముప్ఫైకి కాస్త అటూఇటూ. పొద్దున లేస్తూనే ఎత్తితే ఇంకా మంచిది. రాత్రంతా పడుకున్నప్పుడు వెన్నుపూసల మధ్య డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బి ఉంటాయి. ఆ వేళ వంగితే వాటిమీద ఒత్తిడి ఎక్కువ. అందుకే కాబోలు మా ఇంట్లో బండ ఎప్పుడూ తెల్లవారి కాఫీ వేళకే అయిపోతుంది.

మాత్రలకు డాక్టరెందుకు? మందుల షాపు అబ్బాయి ఉన్నాడుగా. నొప్పి బిళ్ళ, దానికి తోడు గ్యాసు బిళ్ళ, రెండూ కత్తెరతో కత్తిరించి ఇస్తాడు. పరగడుపున వేసుకోండి, నెలల తరబడి వేసుకోండి. కడుపులో పుండ్లు, మూత్రపిండాలకు చేటు అని అతి జాగ్రత్తపరులు అంటుంటారు. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు కళేబరాల ద్వారా రాబందుల ఒంట్లోకి చేరి, మూత్రపిండాలు చెడి అవి గుంపులు గుంపులుగా చచ్చిపోయాయనీ, 2006లో దాన్ని పశువైద్యంలో నిషేధించారనీ మా అబ్బాయి చెప్పాడు. మనమేమన్నా రాబందులమా?

మా అమ్మగారి ఊళ్ళో ఎదురుకాళ్ళతో పుట్టిన మామ్మగారు ఒకావిడ ఉండేది. నడుం పట్టినవాళ్ళు వెళ్ళి ఆవిడ అరుగు మీద బోర్లా పడుకునేవారు. ఆవిడ కుడికాలితో మూడుసార్లు తొక్కేది. డబ్బు పుచ్చుకునేది కాదు. మనిషి నలభై కిలోలు కూడా ఉండేది కాదేమో, ఎవరికీ ఏమీ అయ్యేది కాదు. కాస్త ఒత్తినట్టయి హాయిగా ఉండేది కూడానట. ఆవిడ పోయాక హస్తవాసిలాగే కాలివాసి కూడా వంశంలో ఉంటుందని మనవడు అందుకున్నాడు. అతను తొంభై కిలోలుంటాడు. పైగా అందరిలా తలతోనే పుట్టాడు. నేను రెండుసార్లు తొక్కించుకున్నాను.

మగవాళ్ళకు ఆ అవసరం లేదు, సెలూన్ ఉంది. క్షవరమయ్యాక తల మర్దన చేసి, గడ్డం పట్టుకుని మెడను టక్కున తిప్పుతారు. మెదడుకు రక్తం తీసుకెళ్ళే రెండు ధమనులు మెడపూసల పక్కనున్న రంధ్రాల్లోంచే పైకి పోతాయి. ఆ తిప్పుడికి వాటి లోపలి పొర చిరిగితే పక్షవాతం రావచ్చు. అరుదే, కానీ జరిగినవి ఉన్నాయి. మావారితో చెబితే, ఆ చప్పుడు వినకపోతే క్షవరం పూర్తయినట్టే ఉండదన్నారు.

ఇక్కడ ఒక్క నిమిషం గురుపీఠం దిగుతాను. మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, కూర్చునే చోట తిమ్మిరెక్కినా, కాలో చెయ్యో పట్టు తప్పుతున్నా, నొప్పికి జ్వరం తోడైనా, ఊరికే బరువు తగ్గిపోతున్నా, పడో దెబ్బ తగిలో మొదలైనా నా మాటలన్నీ అవతల పారేసి ఆ పూటే ఆస్పత్రికి వెళ్ళండి. అది పెంచుకునే జాతి కాదు. సరే, మళ్ళీ పాఠం.

అసలు విద్య చివరికి దాచాను. దానిపేరు 'కాస్త ఇది అవనీ'.

2016లో ఫిజియోథెరపీ అమ్మాయి నాకు నాలుగు వ్యాయామాలు నేర్పింది. అన్నీ కలిపి పావుగంట. ఆ పైన రోజూ అరగంట నడవమంది. బొమ్మలు గీసి కాగితం కూడా ఇచ్చింది. ఫ్రిజ్ మీద అంటించాను. అబ్బాయి పదో తరగతి పరీక్షలవనీ అనుకున్నాను. అయ్యాయి. ఇంటరొచ్చింది, ఆ వెనకే ఎంసెట్. అమ్మాయి పెళ్ళి. ఆషాఢానికి అమ్మాయిని తీసుకొచ్చాం. శ్రావణంలో పేరంటాలు. కార్తీకంలో నాలుగింటికే లేస్తాను గాని అది దీపాలకు. ధనుర్మాసంలో ఇంకా ముందు లేస్తాను, ముగ్గులకు. గంటసేపు వంగే ఉంటాను కాబట్టి నా నొప్పికి అది పండగ. మాఘంలో పెళ్ళిళ్ళు. వేసవిలో ఆవకాయ. ఈ తెలుగు సంవత్సరం ఎవరు చేశారో గాని, అందులో ఆడమనిషి నడుముకు తిథి పెట్టలేదు.

తీరిక లేదంటే బొత్తిగా లేదని కాదు. ఆఫీసులో మధ్యాహ్నం భోజనాలయ్యాక రోజూ అరగంట నా నడుంనొప్పి గురించే మాట్లాడుకుంటాం. అది నడుస్తూ మాట్లాడుకోవచ్చని మొన్న కొత్తగా చేరిన అమ్మాయి అంది. చిన్నపిల్ల, పోనీలెమ్మని ఊరుకున్నాం.

ఒకసారి మాత్రం దారి తప్పాను. హాల్లో చాప పరుచుకుని, వెల్లకిలా పడుకుని మోకాళ్ళు గుండెకు లాక్కుంటున్నాను. అత్తయ్యగారు చూసి, "ఏమ్మా, ఒంట్లో బాగాలేదా?" అన్నారు. ఆవిడ ప్రేమగానే అడిగారు. నాకే సిగ్గేసి గబుక్కున లేచాను. ఆ గబుక్కున లేవడంలో మళ్ళీ పట్టేసింది. బాగాలేక పడుకుంటే ఇంట్లో ఎవరూ తప్పుపట్టరు. బాగుండడానికి పడుకుంటేనే, ఎవరో చూస్తారేమోనని తలుపు గడియ పెట్టుకోవాలనిపిస్తుంది. మావారు తెల్లారి బూట్లేసుకుని బయల్దేరితే ఆరోగ్యం మీద శ్రద్ధ అంటారు చుట్టాలు. నేను బయల్దేరితే ఆ పూట కాఫీ ఆలస్యం.

నడిస్తే ఏమొస్తుందో కూడా విన్నాను. ఆస్ట్రేలియాలో నడుంనొప్పి వచ్చి తగ్గిన 701 మంది మీద చేసిన పరిశోధన 2024లో అచ్చయింది. వారానికి ఐదు రోజులు, అరగంట దాకా మెల్లమెల్లగా నడక పెంచుకోమని కొందరికి నేర్పారు. వాళ్ళకు నొప్పి తిరగబెట్టే సరికి మధ్యస్థ లెక్కన 208 రోజులు పట్టిందట. నేర్పని వాళ్ళకు 112. నాకు ఈ బెడదే లేదు. అసలంటూ పోతే కదా తిరగబెట్టడానికి!

మళ్ళీ పుష్కరాలు 2027లో. ఇత్తడి బిందె తోమించి ఉంచారు అత్తయ్యగారు. మొన్న ఫ్రిజ్ మీద కాగితం చూస్తే పచ్చబడిపోయి, అంచులు మడతలు పడి ఉంది. పైన నా చేతిరాతతోనే 'సోమవారం నుంచి' అని ఉంది. ఏ సోమవారమో రాయలేదు. అది కొట్టేసి 'పుష్కరాలయ్యాక' అని రాస్తుంటే పెన్ను జారి ఫ్రిజ్ కిందికి దొర్లిపోయింది. వంగలేక అబ్బాయిని కేకేశాను. సెలవుకొచ్చి ఉన్నాడు. మెడపట్టీతో వచ్చి నిలబడి, "అమ్మా, నేను కిందికి చూడకూడదు కదా" అన్నాడు. వాళ్ళ నాన్న క్షవరానికి వెళ్ళారు.

పెన్ను ఇంకా ఫ్రిజ్ కిందే ఉంది.